36ని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చు?

పదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి అధ్యాయం వాస్తవ సంఖ్యలు. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తామంటూ ఎన్‌సీఈఆర్‌టీ చేసిన కోతల్లో ఆ అధ్యాయంలోంచి యూక్లిడ్ భాగహార న్యాయం ఎగిరిపోయింది. దాన్ని ఆధారం చేసుకుని నిలబడే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం మాత్రం ఉండిపోయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇప్పుడు పదో తరగతికి అవే పుస్తకాలు. మా అక్క కూతురు ఈ ఏడు పదికొచ్చింది, సాయంత్రాలు నా దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటుంది, అలా పేజీలు తిరగేస్తుంటే ఈ సంగతి నా కంటబడింది.

"ఒక పాఠం తగ్గితే దానికి మంచిదేగా, మధ్యలో నీకేంటి బాధ?" అంది అక్క. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పొద్దున ఆరింటికి స్టడీ అవర్ అని బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే పిల్లలకి ఒక పేజీ తగ్గినా తగ్గినట్టే. పైగా 1, 2, 3, 4 అనే సంఖ్యల్లో తెలియనిది ఏముందని? ఎక్కాలు వచ్చు, గ.సా.భా., క.సా.గు. ఆరో తరగతిలోనే అయిపోయాయి, ప్రధాన సంఖ్యలు నూరు వరకు గడగడా అప్పజెబుతారు.

నా బాధ అక్కడే. ఈ సంఖ్యల గురించి మనం పిల్లలకి చెప్పేవన్నీ నిజాలే. కానీ అవి నిజం కాకుండా పోయే వీలు కూడా ఉండేదని మాత్రం ఎవరూ చెప్పరు. తెల్లవారితే సూర్యుడొస్తాడన్నంత మామూలుగా ఒప్పజెప్పేస్తాం. ఋజువులన్నీ నేర్పమని నేననడం లేదు. ఆ నిజం ఎక్కడ తప్పిపోతుందో ఒక్క చోటు చూపించండి చాలు అంటున్నాను.

బేసి సంఖ్యలు లేని ఊరు

పుస్తకంలో ఆ అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం ఏమంటుందంటే, ప్రతి సంయుక్త సంఖ్యనీ ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయొచ్చు, వరస మారితే మారొచ్చు గానీ రాసే విధానం మాత్రం ఒక్కటే. పిల్ల 36 తీసుకుని కారణాంకాల చెట్టు గీసింది, 2×2×3×3 వచ్చింది. 4×9తో మొదలుపెట్టింది, 6×6తో మొదలుపెట్టింది, చివరికి అదే వచ్చింది. పెన్ను మూత పెట్టేస్తూ అడిగింది: "పిన్నీ, ఎలా చేసినా అదే వస్తుందిగా, దీనికి మళ్లీ సిద్ధాంతం అని పేరెందుకు? వేరేగా ఎలా వస్తుంది అసలు?"

బంగారం లాంటి ప్రశ్న. పుస్తకం రాసినవాళ్లు పిల్లల చేత అడిగించాల్సిన ప్రశ్న.

"బేసి సంఖ్యలు లేని ఊరొకటి ఉందనుకో" అన్నాను. 2, 4, 6, 8, ఇలా సరి సంఖ్యలే ఉంటాయి. వాటిలో రెండు సరి సంఖ్యల లబ్ధంగా రాయగలిగినవన్నీ కొట్టెయ్యమన్నాను. రఫ్ బుక్ వెనక అట్ట మీద రాసుకుని కొట్టుకుంటూ పోయింది. 4 పోయింది, 8 పోయింది, 12 రెండార్లు కాబట్టి పోయింది, 16 పోయింది. మిగిలినవి 2, 6, 10, 14, 18, 22... నాలుగేసి తేడాతో ఉన్నాయని తనే పట్టుకుంది. ఆ ఊళ్లో ప్రధాన సంఖ్యలంటే ఇవే, వీటిని ఇంకా విడగొట్టలేం.

ఇప్పుడు 36ని విడగొట్టమన్నాను. 2×18 అని రాసింది. కాసేపు చూసి, కింద 6×6 అని రాసింది. మూడూ విడగొట్టలేని సంఖ్యలే.

"ఇది మోసం పిన్నీ, 18లో మూడుంది కదా!"

"ఆ ఊళ్లో మూడు లేదే."

ఒప్పుకోలేదు. కానీ ఊరుకోనూ లేదు. తర్వాత తనంతట తనే 60 పట్టుకొచ్చింది, 2×30, 6×10. అంటే ఒక్క విధానంలోనే వస్తుందన్నది సంఖ్యలన్నిటికీ పుట్టుకతో వచ్చిన గుణం కాదన్నమాట. మన 1, 2, 3లకి ఆ గుణం ఉండటానికి వేరే కారణమేదో ఉండాలి.

ఆ కారణం ఏమిటో తెలియాలంటే అదే ఊళ్లో 18ని 6తో భాగించి చూడాలి. మూడు సార్లు అనడానికి మూడు లేదు. రెండు సార్లంటే 12 పోగా శేషం 6. నాలుగు సార్లంటే 24, దాటిపోయింది. శేషం 6 అంటే భాజకం ఎంతో శేషం కూడా అంతే ఉంది! మన దగ్గర ఎప్పుడూ అలా జరగదు, ఏ సంఖ్యని దేనితో భాగించినా శేషం భాజకం కంటే తక్కువే ఉంటుంది. పుస్తకంలోంచి తీసేసిన యూక్లిడ్ భాగహార న్యాయం అంటే ఈ ఒక్క వాక్యమే. చూడ్డానికి నాలుగో తరగతి పిల్లలకి తెలిసిన విషయంలాగే ఉంటుంది, తీసేసినవాళ్లకీ అలాగే అనిపించి ఉంటుంది.

మరి ఆ వాక్యం నుంచి సిద్ధాంతం దాకా దారి ఎలా ఉంటుంది? గ్రాఫ్ పేపరు మీద చూపించాను. 21 గళ్ల పొడవు, 15 గళ్ల వెడల్పు ఉన్న ముక్క కత్తిరించింది. అందులోంచి వీలైనంత పెద్ద చదరం తీసెయ్యమన్నాను. 15×15 పోయింది, 15×6 పట్టీ మిగిలింది. దాన్లోంచి 6×6 చదరాలు రెండు తీస్తే 6×3 మిగిలింది. దాన్లోంచి 3×3 చదరాలు రెండు వచ్చాయి, ఇంకేం మిగల్లేదు. ఆఖరి చదరం భుజం 3, అదే 21, 15ల గ.సా.భా. వెనక్కి చదువుకుంటూ వస్తే ఆ 3ని 21, 15 గుణిజాల తేడాగా రాయొచ్చు. 15×3లోంచి 21×2 తీసేస్తే 3. ఇలా ఏ రెండు సంఖ్యలకైనా చెయ్యొచ్చు. ఇప్పుడు, ఒక ప్రధాన సంఖ్య, ఉదాహరణకి 7, ఏదో లబ్ధాన్ని భాగిస్తోంది, కానీ అందులో మొదటిదాన్ని భాగించడం లేదనుకోండి. అప్పుడు 7కీ ఆ మొదటిదానికీ గ.సా.భా. 1, కాబట్టి 1ని ఆ రెండిటి గుణిజాల తేడాగా రాయొచ్చు. మొత్తాన్ని రెండో సంఖ్యతో గుణిస్తే ఒక పక్క 7 గుణిజం, ఇంకో పక్క ఆ లబ్ధం గుణిజం, రెండిట్లోనూ 7 ఉంది, కాబట్టి తేడాగా వచ్చిన రెండో సంఖ్యలోనూ 7 ఉండి తీరాలి. ప్రధాన సంఖ్య ఒక లబ్ధాన్ని భాగిస్తే అందులో ఏదో ఒకదాన్ని భాగిస్తుంది అన్నది ఇదే. సరి సంఖ్యల ఊళ్లో పోయిందీ ఇదే: అక్కడ 6 వెళ్లి 2×18ని భాగిస్తుంది, కానీ 2నీ భాగించదు, 18నీ భాగించదు.

నాకు ఇందులో ఎప్పుడూ ముచ్చటేసే సంగతొకటుంది. సిద్ధాంతం మాట్లాడేదంతా గుణకారం గురించే. దాన్ని నిలబెట్టడానికి మాత్రం కూడికలూ తీసివేతలూ కావాలి.

కత్తెర ఎక్కడో ఒక చోట ఆగాల్సిందేనా అని కూడా అడిగింది పిల్ల. ఆగాల్సిందే, ఎందుకంటే గళ్లు తగ్గుతూ వస్తున్నాయి, ధన పూర్ణ సంఖ్యలు ఎంతకాలమని తగ్గుతాయి? వాటిలో ఏ గుంపు తీసుకున్నా అన్నిటికంటే చిన్నది ఒకటి ఉంటుంది. భిన్నాలకి ఆ భాగ్యం లేదు, 1/2, 1/4, 1/8 అని దిగుతూనే ఉండొచ్చు. గళ్లతో పనిలేకుండా ఒక చదరం భుజమూ దాని కర్ణమూ కొలతలుగా కాగితం కత్తిరిస్తే ఈ కత్తెర ఆట ఎప్పటికీ పూర్తికాదు. వర్గమూలం 2 అకరణీయ సంఖ్య కాదనే మాట అదే అధ్యాయంలో కొన్ని పేజీల తర్వాత వస్తుంది. పిల్లలు దాని ఋజువు బట్టీపట్టి రాస్తారు. అందులో "ఒక ప్రధాన సంఖ్య a వర్గాన్ని భాగిస్తే aని కూడా భాగిస్తుంది" అనే లైను పైన చెప్పిన 7 సంగతే, కానీ ఆ లైను ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకి తెలియదు.

పక్క ఫ్లాట్ లెక్చరర్ గారి మాట

మా పక్క ఫ్లాట్‌లో ఒక లెక్చరర్ గారుంటారు, ఒక కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతారు. ఈ గోడు ఆయన దగ్గర వెళ్లబోసుకుంటే ఓపిగ్గా విని, "మేడమ్, ఎంసెట్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు. అందులో 80 మనవే. నిమిషం పైచిలుకు టైములో మా పిల్లాడు కత్తెర తియ్యాలా, ఆన్సర్ పెట్టాలా?" అన్నారు. ఎంసెట్ పేరు మారి చాలాకాలమైనా గుంటూరులో ఇంకా ఎంసెట్టే.

ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన దగ్గరకొచ్చే పిల్లల్లో సగం మంది పల్నాడు వైపు నుంచి వస్తారు, మిర్చి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టిన ఇళ్లు. ఆ తండ్రికి కావాల్సింది సీటు. "ఎందుకు" అని అడిగే తీరిక సీటొచ్చాక దొరుకుతుందిలే అంటారు లెక్చరర్ గారు. అప్పుడు దొరుకుతుందా అన్నది నా అనుమానం, కానీ నా అనుమానానికి ఫీజు నేను కట్టడం లేదు.

ఆయన రెండో మాట ఇంకా గట్టిది. సూత్రం వెనక కారణం తెలియకపోయినా పని ఆగదు కదా అంటారు. నిజమే, ఆగదు. నేను బ్యాంకులో చేరిన కొత్తల్లో, లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో, సాయంత్రం టాలీ కాకపోతే సీనియర్లు ఒకటే మాట చెప్పేవారు: "తేడాని తొమ్మిదితో భాగించి చూడు. పోయిందా, అంకెలు తారుమారయ్యాయి." 7420 బదులు 7240 రాస్తే తేడా 180, తొమ్మిది ఇరవైలు. భలే పనిచేసేది. ఎందుకు పనిచేస్తుందో చెప్పినవాళ్లలో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

ఒక సాయంత్రం తేడా 450 వచ్చింది. తొమ్మిదితో పోయింది. మా కౌంటర్ ఆయన ఒకరు 720ని 270 అని ఎక్కడ రాశామా అని వోచర్లన్నీ ముందేసుకుని కూర్చున్నారు, బయట షట్టర్ సగం దించేశారు, బస్సులకి వెళ్లాల్సినవాళ్లు సణుగుతున్నారు. ఆఖరికి మా అకౌంటెంట్ గారు, డిగ్రీలో లెక్కలు చదివినాయన, వచ్చి తేడా అడిగి, "50 అని పోస్ట్ చేసింది ఏదైనా ఉందేమో చూడండి" అన్నారు. ఉంది. 500 వోచరు, ఒక సున్నా జారిపోయింది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా తొమ్మిది గుణిజం ఎందుకవుతుందో తెలిసినాయనకి, పది రెట్లలోంచి ఒక రెట్టు తీసేస్తే తొమ్మిది రెట్లే మిగులుతాయని కూడా వెంటనే తడుతుంది. సూత్రం ఒక్కటే తెలిసినాయన ఒకే చోట వెతుకుతారు.

ఇది చెబితే లెక్చరర్ గారు నవ్వి, సరే, కారణం కోసం అంత తంటా దేనికి, నాలుగు ఉదాహరణలు చేయించి నమ్మించొచ్చు కదా అన్నారు. నాలుగు కాదు, నలభై చేయించినా నమ్మకూడదు అన్నాను. n వర్గానికి n కలిపి, దానికి 41 కలపండి. n స్థానంలో 0 నుంచి 39 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది, వరసగా నలభై. 40 పెట్టగానే 1681 వస్తుంది, అంటే 41×41. ఆయనకి ఇది తెలిసిందే. "అది మీరు నా మీద ప్రయోగిస్తారనుకోలేదు" అన్నారు.

ఒకటి ఎందుకు కాదు

దీని గురించి ఎక్కువ రాయను. 1 ప్రధాన సంఖ్య కాదని ఆరో తరగతి నుంచి చెబుతాం, దానికి కారణాంకం ఒకటే కాబట్టి అంటాం. అది నిర్వచనాన్ని తిరగేసి చెప్పడమే. 1742లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఇంకో గణితవేత్త ఆయ్లర్‌కి తన ప్రసిద్ధమైన ఉత్తరం రాసినప్పుడు 1ని కూడా ప్రధాన సంఖ్యల్లో కలిపే లెక్కేసుకున్నాడు. 1914లో అమెరికాలో లేమర్ అచ్చువేసిన ప్రధాన సంఖ్యల పట్టికలో కూడా మొదటి సంఖ్య 1. వాళ్లకి లెక్కలు రాక కాదు. 1ని లోపలికి రానిస్తే 6ని 2×3 అనీ 1×2×3 అనీ 1×1×2×3 అనీ రాసుకుంటూ పోవచ్చు, "ఒక్క విధానం" అన్న మాట అన్నిచోట్లా "1ని వదిలేస్తే" అని నసుగుతూ చెప్పాల్సొస్తుంది. అందుకని బయట పెట్టారు. ఇది మనుషులు కూర్చుని చేసుకున్న ఏర్పాటని పిల్లలకి చెబితే కొంపలేం మునిగిపోవు, ఇంకా నచ్చుతుంది కూడా.

(ఇంకో మాట. భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి కొడితే ఒకే జవాబు రావడం కూడా ఈ సిద్ధాంతం పుణ్యమే. మా బ్రాడీపేటలో మాత్రం కొట్టకూడదు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. 2/7 అని రాస్తే ఉత్తరం ఇంకెవరింటికో పోతుంది.)

పావులూరి మల్లన సంఖ్య

బట్టీ అంటే నాకు పడదనుకునేరు. ఎక్కాలు నోటికి రాని పిల్లకి 441 చూడగానే 21×21 తట్టదు, తట్టకపోతే పైన చెప్పిన ఆటలేవీ ఆడలేదు. పైగా జ్ఞాపకం పెట్టుకోవడంలో మనకున్నంత సొగసు ఇంకెవరికుంది? 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పావులూరు మన వైపుదే, ఇంకొల్లు దగ్గర. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టిస్తూ పోతే 64 గళ్లకీ మొత్తం ఎంతవుతుందో ఆయన పేరు మీద ఒక పద్యం ఉంది. శర అంటే 5, శశి అంటే 1, షట్కం అంటే 6, ఇలా ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఒక్కో మాటకి ఒక్కో అంకె. చివరిదాకా విప్పుకుంటే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెలు, ఒక్కటి కూడా తప్పు పోలేదు.

తెలుగు మేష్టార్లు ఈ పద్యం చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు, బాగానే ఉంది. లెక్కల మేష్టారు అక్కడితో ఆపకూడదు. ఆ సంఖ్యలో ఏముందో విప్పి చూపాలి. 3×5 చేస్తే 15, అంటే 16కి ఒకటి తక్కువ. దాన్ని 17తో గుణిస్తే 255, అంటే 256కి ఒకటి తక్కువ. దాన్ని 257తో గుణిస్తే 65535. ఇలా ప్రతిసారీ వచ్చినదానికి 2 కలిపి, దానితోనే గుణించుకుంటూ పోతే 65537తో, ఆ తర్వాత 4294967297తో గుణించాక మల్లన సంఖ్య వచ్చి కూర్చుంటుంది!

3, 5, 17, 257, 65537... వీటిలో ఏ రెండిటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. ఎందుకంటే ప్రతిదీ దాని ముందున్నవాటి లబ్ధం కంటే 2 ఎక్కువ. ఉమ్మడి ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే అది 2ని కూడా భాగించాలి, ఇవన్నీ బేసి కాబట్టి అది కుదరదు. అంటే వరసలో ప్రతి సంఖ్యా అంతకుముందు లేని ప్రధాన సంఖ్యని కనీసం ఒకదాన్ని తెస్తుంది, వరసకి అంతం లేదు, కాబట్టి ప్రధాన సంఖ్యలకీ అంతం లేదు. ఈ ఋజువుని 1730లో గోల్డ్‌బాకే ఆయ్లర్‌కి ఉత్తరంలో రాశాడు.

ఇందులో ఇంకో తిరకాసుంది. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోదాన్ని, అదే 4294967297ని, 1732లో ఆయ్లర్ 641×6700417గా విడగొట్టాడు. ఫెర్మా అంతటివాడే ఐదు ఉదాహరణలు చూసి నమ్మాడు, లెక్చరర్ గారు నాలుగు చాలంటున్నారు. ప్రధాన సంఖ్యలకి అంతం లేదని యూక్లిడ్ చేసిన ఋజువుకి కూడా పిల్లల చేతుల్లో ఇదే గతి పడుతుంటుంది. ప్రధాన సంఖ్యలన్నీ గుణించి 1 కలిపితే కొత్త ప్రధాన సంఖ్య వస్తుందని రాసేస్తారు. 2 నుంచి 13 వరకున్న ప్రధాన సంఖ్యల్ని గుణించి 1 కలిపితే 30031, అది 59×509. రావాల్సింది కొత్త ప్రధాన కారణాంకం, అంతే.

అలా మల్లన సంఖ్య చివరికి 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఎవరు ఎటునుంచి విడగొట్టినా, ఏ కంప్యూటర్‌తో విడగొట్టినా ఇవే ఏడు. 36 దగ్గర విసుగ్గా అనిపించిన హామీ ఇరవై అంకెల దగ్గరికొచ్చేసరికి ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

నా వాదనలో నాకే తేలనిది

యూక్లిడ్ క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో కావాల్సిన సరంజామా అంతా సిద్ధం చేసి పెట్టాడు. అయినా "ఒక్క విధానంలోనే" అన్న మాటని స్పష్టంగా చెప్పి, ఋజువు కూడా చేసి పెట్టింది 1801లో గౌస్. రెండు వేల ఏళ్ల పాటు పెద్దపెద్దవాళ్లే అడగనవసరం లేదనుకున్న ప్రశ్నని పదిహేనేళ్ల పిల్ల అడగలేదని నేను గింజుకోవడం న్యాయమేనా? బహుశా మనిషి బుద్ధి అలాగే పనిచేస్తుందేమో, ముందు వాడుకుని, చాలాకాలం వాడుకున్నాక, ఎందుకో అనుమానమొచ్చి కిందికి చూస్తుందేమో. అలాగైతే పదో తరగతి తొందరే.

కానీ మా అక్క కూతురు అడిగింది కదా. "వేరేగా ఎలా వస్తుంది?" అని అడగడానికి తనకి గౌస్ అక్కర్లేకపోయింది. అడిగిన పిల్లకి చూపించడానికి పుస్తకంలో ఏమీ లేకపోవడమే నాకు నచ్చనిది. నేనడిగేది అర పేజీ. ఒక పక్క 36 = 2×18 = 6×6, పక్కనే 18ని 6తో భాగిస్తే ఏమవుతుందో రెండు లైన్లు, తీసేసిన ఆ న్యాయం ఒక వాక్యంగా. గ.సా.భా. లెక్కలు ఒకే అచ్చులో డజను ఉన్నచోట రెండు తీసేస్తే ఆ జాగా వస్తుంది.

ఈ మాటే లెక్చరర్ గారితో అంటే, ఆయన తన క్లాసులో ఒక పది నిమిషాలు ఆ 36 చెప్పి చూశారు. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు, "సార్, ఆ ఊళ్లో 1 కూడా లేదు కదా, అందుకే అలా అయిందేమో" అన్నాడట. ఆయనే వచ్చి నన్నడిగారు, 1 ఉన్న ఊరేదైనా ఉందా అని. ఉంది, గణితవేత్త హిల్బర్ట్ ఇచ్చిన ఉదాహరణ: 4తో భాగిస్తే శేషం 1 వచ్చే సంఖ్యలు, 1, 5, 9, 13, 17, 21... వాటిలో ఏ రెండు గుణించినా మళ్లీ వాటిలోదే వస్తుంది. 3, 7 అక్కడ లేవు కాబట్టి 9, 21, 49 మూడూ విడగొట్టలేనివే. 441 తీసుకుంటే 21×21, 9×49.

"బాగానే ఉంది గానీ మేడమ్, రేపు ఎవడైనా పరీక్షలో 36కి రెండు విధానాలున్నాయని రాసేసి వస్తే?" అన్నారు లిఫ్ట్ దగ్గర. మార్కు పోతుంది అన్నాను. ఏ ఊళ్లో ఉన్నదీ రాయకుండా జవాబు రాస్తే పోవాల్సిందే.